నాలుగు చేతుల బాప్తిస్మం

నరసరావుపేట,
9 జూలై 1984.

ప్రభువునందు ప్రియమైన చెల్లెలు సువార్తమ్మకు అన్నయ్య ఏసోబు వందనాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ వదిన మణి, పిల్ల బాగున్నారు. నాయన పక్షవాతంతో పడి నాలుగు నెలలు కావస్తున్నది. మాట ఏమైనా తిరిగిందా? కాలూచెయ్యీ ఆడుతున్నాయా? వివరంగా రాయి.

ఒక సంగతి చెప్పాలి. మన గిల్గాలు సహవాసంలో ముప్పై ఆరు సంఘాలున్నాయి. కాపరి లేచి నిలబడలేని సంఘం ప్రస్తుతం పిడుగురాళ్ల ఒక్కటే. మొన్న కమిటీలో ఆ మాట వచ్చింది. నేను ఎత్తలేదు, అధ్యక్షులు దైవాశీర్వాదం అయ్యగారే ఎత్తారు. "జ్ఞానయ్యగారు, హన్నమ్మగారు సున్నపు బట్టీల్లో కూలి చేసుకుంటూ కట్టిన సంఘం అది. ముప్పై రెండేళ్ల కష్టం. గాలికి వదలకూడదు" అన్నారు. ఆ మాట వింటే నాకు సంతోషం వేసింది. నేను ఇక్కడ ఆయనకు సహాయకుడిగా చేరి తొమ్మిదేళ్లయింది గాని, ఆయన నోట మన అమ్మానాయనల పేర్లు కలిపి వినటం అదే మొదటిసారి.

ఆఫీసు వాళ్లు తెలుసుకోమన్నవి మూడు. ఆదివారం వాక్యం ఎవరు చెబుతున్నారు? ఎంతమంది వస్తున్నారు? నెలనెలా మొదటి ఆదివారం రొట్టె పంచే ప్రభువు బల్ల సంగతి ఏమిటి? నీకు తెలిసినంత రాయి.

అమ్మను విశ్రాంతి తీసుకోమను. ఈ వయసులో ఇంకా బట్టీ పని ఎందుకు?

నీ అన్న,
ఏసోబు

*

పిడుగురాళ్ల,
17 జూలై 1984.

ప్రియమైన అన్నయ్యకు సువార్త వందనాలు.

నీ ఉత్తరం అందింది. నాయనకు కుడిపక్క అంతా పోయినట్టే. ఎడమ చెయ్యి బాగానే ఆడుతున్నది. తన అన్నం తాను తింటాడు. మాటల్లో ఒక్కటే మిగిలింది: స్తోత్రం. కూరలో ఉప్పు లేకపోయినా స్తోత్రం, మేక వచ్చి చొక్కా నములుతున్నా స్తోత్రం. ఏ స్తోత్రం దేనికో అమ్మకు వెంటనే తెలుస్తుంది, నాకు సగం తెలుస్తుంది.

మొన్న లారీ మెకానిక్ ఇమాం సాహెబ్ బాబాయి చూడటానికి వచ్చాడు. గంటసేపు కూర్చుని తన షెడ్డు సంగతులన్నీ చెప్పాడు. నాయన మధ్యమధ్య స్తోత్రం అంటూనే ఉన్నాడు. పోతూ పోతూ బాబాయి, "ఇంత బాగా మాట్లాడే మనిషిని పట్టుకుని మాట పోయిందంటారేందమ్మా? నా కొడుకుల కంటే ఈయనే నయం, అడ్డం రాడు" అన్నాడు. నాయన నవ్వాడు. పడిన తర్వాత నవ్వటం అదే మొదలు.

నువ్వు అడిగినవి. ఆదివారాలు ఆరాధన జరుగుతున్నది. పాటలు పాడుతున్నాం. సాక్ష్యాలు చెప్పుకుంటున్నాం, అమ్మ కూడా చెబుతుంది. మనుషులు బాగానే వస్తున్నారు. చాపలు చాలక రెండు కొత్తవి కొన్నాం.

అమ్మ వారానికి మూడు రోజులు బట్టీకి పోతున్నది. మానమంటే వినదు.

బాలవాడిలో నాకు శనివారం సెలవు. నువ్వెప్పుడు వస్తావు? పేట నుంచి బస్సుకు గంటన్నర.

నీ చెల్లెలు,
సువార్త

*

నరసరావుపేట,
27 ఆగస్టు 1984.

చెల్లెలు సువార్తమ్మకు వందనాలు.

ఈ రాజకీయ గొడవల్లో బస్సులు సరిగా తిరగటం లేదు. అందుకే రాలేకపోయాను.

నువ్వు నాకు అన్నీ రాయలేదు. మీ వైపు నుంచి వచ్చిన ఒక విశ్వాసి ఆఫీసులో చెబితే తెలిసింది. అమ్మ "సాక్ష్యం" చెప్పటం కాదు, ప్రతి ఆదివారం పెద్ద వాక్యమే చెబుతున్నదట. జూన్, జూలై, ఆగస్టు మూడు నెలలూ బల్ల దగ్గర నిలబడి రొట్టె విరిచి ఇచ్చిందట. పైగా పంతొమ్మిది మందికి అక్టోబరులో బాప్తిస్మం ఇస్తానని మాట ఇచ్చిందట. నేను ఏమీ తెలియనివాడిలా అయ్యగారి ముందు నిలబడవలసి వచ్చింది.

సహవాసం నియమాలు నీకు తెలియనివి కావు. చేతులుంచి అభిషేకించిన దైవజనుడు తప్ప మరొకరు రొట్టె ఇవ్వకూడదు, నీళ్లలో ముంచకూడదు. స్త్రీ సంగతి చెప్పనే అక్కర్లేదు. అమ్మ పెద్దది, చదువు లేనిది, ఆమెకు తెలియదు. నీకేమైంది? నువ్వు చెప్పవద్దా?

అయ్యగారు కోపంగా ఉన్నారు. అక్టోబరులోపు తగిన మనిషిని అక్కడికి పంపుతామంటున్నారు. మందిరం వెనక గది కాపరిది కాబట్టి అమ్మానాయనలు ఖాళీ చేయవలసి ఉంటుంది. దాని గురించి దిగులు వద్దు. వాళ్లను నేను చూసుకుంటాను.

ఏసోబు

*

పిడుగురాళ్ల,
4 సెప్టెంబరు 1984.

అన్నయ్యకు,

నేను దాచిన మాట నిజం. చెబితే ఆపుతావని దాచాను.

ఎలా మొదలైందో విను. నాయనను ఆసుపత్రి నుంచి తెచ్చిన తర్వాతి ఆదివారం అందరం వచ్చి కూర్చున్నాం. నాయనను కుర్చీలో కూర్చోబెట్టాం. పాటలు అయిపోయాయి. ఎవరూ లేవలేదు. చివరికి అమ్మ లేచింది. బల్ల దగ్గరికి కూడా పోలేదు, ఆడవాళ్ల చాప మీదే నిలబడింది. "మీ అందరికీ తెలిసిందే. బాగా కాలిన రాయి గంపలో తేలిగ్గా ఉంటది. ఎత్తంగానే తెలుస్తది. బరువుందంటే లోపల పచ్చిరాయి ఉన్నట్టే, పైన ఎంత తెల్లగా ఉన్నా సరే. నేనివాళ చానా బరువుగా ఉన్నా. నా కోసం ప్రార్థన చెయ్యండి" అని కూర్చుంది. అంతే ఆమె మొదటి ప్రసంగం. మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఒక్కరూ ఇంటికి పోలేదు. బట్టీ మేస్త్రీ ఒకడు, నలుగురు తాగే సారా ఒక్కడే తాగేవాడు, ఆ రోజు నుంచి ముట్టలేదు. తర్వాత ఆదివారం అందరూ ఆమె వైపే చూశారు. ఆమె లేచింది.

రొట్టె సంగతి. ఏప్రిల్‌లో, మే నెలలో బల్ల లేకుండానే మొదటి ఆదివారాలు గడిచాయి. ఎవరినైనా పంపమని సహవాసానికి రెండు కార్డులు రాశాం. రెండూ నా చేతిరాతే. ఆఫీసులో ఉత్తరాలు విప్పేది నువ్వు. నీకు అందలేదా? జూన్‌లో శాంతమ్మ పెద్దమ్మ అమ్మతో, "ఏమే హన్నా, రొట్టె కాల్చేది నువ్వు, గిన్నెలు కడిగేది నువ్వు, తీసి ఇవ్వటానికి పేట నుంచి మనిషి రావాలా?" అన్నది. అమ్మ చేతులు కడుక్కుని వచ్చి ఇచ్చింది.

పంతొమ్మిది మంది సంగతి. బట్టీ రోడ్డు మీద టీ కొట్టు రాజేశ్వరి నీకు తెలుసు. ఆమె ఫిబ్రవరిలోనే తెల్లచీర కొని పెట్టెలో పెట్టుకుంది. మార్చిలో నాయన పడ్డాడు. మిగిలిన వాళ్లూ అలాంటి వాళ్లే. అందరూ నాయన మాట విని వచ్చినవాళ్లు. వాళ్లను ఇంకెన్నాళ్లు గట్టున నిలబెట్టాలి?

అమ్మకు చదువు లేని మాట నిజమే. నియమాలు తెలుసు. నేను చదివి వినిపించాను.

బస్సులు ఈ నెల రోజుల నుంచే లేవు. నాయన పడి ఆరు నెలలు.

అక్టోబరులోపు పంపే ఆ తగిన మనిషి ఎవరు? పేరు రాయి.

సువార్త

*

పిడుగురాళ్ల,
26 సెప్టెంబరు 1984.

ఏసోబు అన్నకు,

నేను అడిగినదానికి నువ్వు జవాబు రాయలేదు. సహవాసమే రాసింది. నిన్న రిజిస్టరు పోస్టులో వచ్చింది. ఒక వాక్యం ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "సహాయ సేవకుడు శ్రీ జి. ఏసోబుగారు 2 మే 1984న స్వయంగా పెట్టుకున్న దరఖాస్తును పురస్కరించుకొని వారిని పిడుగురాళ్ల సంఘానికి కాపరిగా నియమించటమైనది."

మే రెండు. నాయనను గుంటూరు పెద్దాసుపత్రి నుంచి తెచ్చిన పదో రోజు. "నేను ఎత్తలేదు" అని నువ్వు రాసింది జూలై తొమ్మిది. ఆ ఉత్తరం నా దగ్గరే ఉంది.

అమ్మకు చదివి వినిపించకుండా ఉందామనుకున్నాను. ఆమె కవరు చూసింది. చదివాను. కవరు తీసుకుని మడిచి నడుములో దోపుకుంది. తర్వాత, "రానీ. వాడు పెరిగింది ఆ గదిలోనేగా. ఆ పంతొమ్మిది మందికి మాత్రం నేను మాటిచ్చా. ఇరవైయొకటో తారీకు ఆదివారం. అది అయినాక సోమవారం రమ్మను. మేం సామాను తీస్తాం" అన్నది.

ఆమె అన్నది రాశాను. నేను అనవలసింది రాయటం లేదు.

సువార్త

*

నరసరావుపేట,
5 అక్టోబరు 1984.

సువార్తకు,

నీ కోపం న్యాయమే.

దరఖాస్తు నేనే పెట్టాను. ముప్పై మూడేళ్లొచ్చాయి. తొమ్మిదేళ్లుగా అయ్యగారి సంచి మోస్తున్నాను. పెళ్లి సర్టిఫికెట్లు రాస్తాను, కుర్చీలు సర్దుతాను, ఆయనకు గొంతు బాగాలేని రోజు సాయంకాలం కూటంలో పావుగంట మాట్లాడతాను. ముగ్గురం ఒక్క గదిలో ఉంటున్నాం. నాయనను ఆసుపత్రిలో చూసినప్పుడు ఎక్కువ కాలం బతకడనుకున్నాను. సంఘం ఎవరో ఒకరికి పోయేది, నాకెందుకు రాకూడదు అనుకున్నాను. అమ్మ గురించి ఆలోచించలేదు అని రాయబోయాను. అది నిజం కాదు. ఆలోచించాను. అమ్మకు పోయేదేముందిలే, ఆమె ఎప్పుడూ వెనకుండే మనిషేగా అనుకున్నాను.

నువ్వు రాసిన రెండు కార్డులు అందాయి. నా బల్ల సొరుగులో ఉన్నాయి. కమిటీలో పెట్టలేదు. పెడితే వేరే ఎవరినైనా పంపుతారని.

ఇక ముఖ్యమైనది. ఇరవైయొకటిన దైవాశీర్వాదం అయ్యగారు స్వయంగా వస్తున్నారు. ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని నీళ్ల దగ్గరే ఆపుతారట. అమ్మ ముంచితే ఆ బాప్తిస్మాలు చెల్లవని, అమ్మానాయనలను సహవాసం నుంచి తీసేస్తున్నామని అక్కడికక్కడే చదువుతారు. కాగితం నా చేతనే రాయించారు. అలా జరిగితే ముప్పై రెండేళ్ల వాళ్ల పేరు ఒక్క పూటలో పోతుంది. అమ్మను వాయిదా వేయమను. నా మీద కోపంతోనైనా సరే, వేయమను.

నన్ను కూడా కారులో రమ్మన్నారు. ఏం చెయ్యాలో తెలియటం లేదు.

ఏసోబు

*

పిడుగురాళ్ల,
23 అక్టోబరు 1984.

అన్నకు,

నీకు జ్వరమని అయ్యగారు చెప్పారు. తగ్గిందా అని అడగను. జరిగింది మాత్రం చెబుతాను, ఎందుకంటే ఆఫీసులో నీకు వేరే రకంగా చెబుతారు.

నీ ఉత్తరం అమ్మకు చదివాను. "తీసేస్తే తీసేస్తారు. ఈ సంఘం మొదలుపెట్టినప్పుడు మేం ఎవరి సహవాసంలో ఉన్నాం?" అన్నది. అన్నది గాని ఆ వారమంతా సరిగా తినలేదు. పేరు పోతుందని ఆమెకూ తెలుసు.

ఆదివారం ఉదయం పాత క్వారీ గుంతకు బయల్దేరాం. నాయన రానని కాదు, నడవలేడు. ఇమాం సాహెబ్ బాబాయి ఒక పాత లారీ సీటు ఊడదీసి దాని కింద రెండు వెదురు బొంగులు కట్టి తెచ్చాడు. "డ్రైవరు సీటయ్యా, క్లీనరుది కాదు" అని నాయనకు చూపించాడు. నలుగురు మోశారు. వెనక పంతొమ్మిది మంది తెల్లబట్టలతో, వాళ్ల వెనక సంఘం, ఆ వెనక తమాషా చూసే జనం. క్వారీ పైగట్టంతా మనుషులే.

అమ్మ ముందు దిగింది. నడుం లోతుకు పోయి కాలితో అడుగు చూసుకుంటున్నది. రాజేశ్వరి దిగబోతుండగా అయ్యగారు వచ్చారు. రాళ్ల బాటలో కారు రాలేక సగం దూరంలో ఆగిపోయిందట, బూట్ల నిండా తెల్లదుమ్ము.

"హన్నమ్మగారూ, ఆగండి. నీళ్లలో దిగవద్దు."

"దిగినాక చెబుతున్నారేంది అయ్యగారూ" అన్నది అమ్మ. ఎగతాళి కాదు, మామూలుగానే అన్నది. గట్టు మీద నవ్వారు. ఆయనకు అది నచ్చలేదు. కాగితం తీసి చదివారు. అభిషేకం లేని చేతులతో, అందులోనూ స్త్రీ చేతులతో జరిగిన బాప్తిస్మం సహవాసం ఎదుట చెల్లదు అన్నదాకా వచ్చారు. నీ రాత బాగుంటుంది, ఎక్కడా తడబడలేదు.

అప్పుడు శాంతమ్మ పెద్దమ్మ గుంపులోంచి ముందుకొచ్చింది.

"అయ్యా, నాదొక సందేహం. ఆడమనిషి చెయ్యి పడితే చెల్లదంటున్నారు. అంతేనా?"

"అంతేనమ్మా."

"అయితే నాది చెల్లదు. యాభైరెండులో ఈ గుంతలో మొట్టమొదట మునిగింది నేను. అప్పుడు సంఘమంటే ముగ్గురం. జ్ఞానయ్య, హన్నమ్మ, నేను. జ్ఞానయ్య బక్కమనిషి. నేనా, ఇప్పుడే ఇట్లా ఉన్నా, అప్పుడింకా లావు. అడుగున నాపరాయి, కాలు నిలవదు. ఆయనొక్కడి వల్ల గాక ఈ పక్క ఆయన, ఆ పక్క ఈమె పట్టారు. ముంచింది ఆయనైతే లేపింది ఈమె. ఆ పద్ధతే నిలిచిపోయింది. ఈ ముప్పై రెండేళ్లలో హన్నమ్మ చెయ్యి పడకుండా ఈ గుంతలోంచి పైకొచ్చినోళ్లు ఎవరన్నా ఉంటే చెయ్యెత్తండయ్యా."

ఎవరూ ఎత్తలేదు. రిజిస్టరు నా చంకలో ఉంది. నాలుగు వందల పన్నెండు పేర్లు. అన్నయ్యా, నువ్వూ నేనూ చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాం. ఒక పక్క నాయన, ఒక పక్క అమ్మ. అది ఎవరికైనా చెప్పాల్సిన సంగతని మనకు తోచలేదు.

పెద్దమ్మ అంతటితో వదల్లేదు. "సరే, నేను ముసలిదాన్ని, మళ్లీ మునుగుతా. మరి నీ సంగతేంది, సాంబశివరావయ్యా?"

దైవాశీర్వాదం అయ్యగారు యాభైయారులో ఇక్కడ క్వారీలో కాటా గుమస్తా. బాప్తిస్మానికి ముందు పేరు సాంబశివరావు. ఆ పేరుతో పిలిచేవాళ్లు ఇప్పుడెవరూ లేరు.

"ఆరడుగుల మనిషివి. కాలు జారి మెడలోతుకు పోయావు. జ్ఞానయ్య చేతిలో నీ చొక్కా మాత్రమే మిగిలింది. నిన్ను జుట్టు పట్టి లాగింది ఎవరు? అప్పుడు నీకు జుట్టుంది."

గట్టంతా గొల్లుమన్నది. అయ్యగారితో వచ్చిన పెద్దల్లో ఒకాయన మాత్రం నవ్వలేదు. ఆ పెద్దను అభిషేకించింది అయ్యగారే. అయ్యగారి బాప్తిస్మం చెల్లకపోతే ఆ అభిషేకమూ చెల్లదు.

పెద్దమ్మ కొంగు దోపుకుని నీళ్లలోకి దిగింది. "నన్ను మళ్లీ ముంచు హన్నా." ఆమె వెనక మన పక్కింటి హజ్రా బీ కోడలు, ఆమె వెనక బట్టీ మేస్త్రీలు, పాత విశ్వాసులు ఒక్కొక్కరే దిగటం మొదలుపెట్టారు. "మాదీ చెల్లదంట, మమ్మల్ని గూడా." యాభై అరవై మంది. ఒడ్డు దగ్గర నీళ్లు తెల్లగా బురదయ్యాయి.

"ఆగండమ్మా, ఆగండి!" అని అరిచారు అయ్యగారు. తర్వాత నాయన వైపు తిరిగారు. "జ్ఞానయ్యగారూ, మీరేమంటారు?"

"స్తోత్రం" అన్నాడు నాయన.

అది ఎవరి వైపో ఎవరికీ తెలియలేదు. నాయన ఎడమ చెయ్యి ఎత్తి నీళ్లలోకి చూపిస్తూ మళ్లీ మళ్లీ అన్నాడు. సీటు మీద నుంచి ముందుకు జరుగుతున్నాడు.

"ఇంకా ఏందయ్యా చూస్తారు, నీళ్లలోకి తీసకపొమ్మంటున్నాడు" అని ఇమాం సాహెబ్ బాబాయి లుంగీ పైకి కట్టి బొంగు పట్టుకున్నాడు. నలుగురూ కలిసి సీటుతో సహా నాయనను అమ్మ పక్కకు చేర్చారు. నీళ్లు ఆయన ఛాతీ దాకా వచ్చాయి.

అయ్యగారు చేతిలోని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. చివరికి, "ఆయన చెయ్యి ఉండాలి" అన్నారు, మెల్లిగా.

"ఆయన చెయ్యి లేకుండా నేనెప్పుడు ముంచాను అయ్యగారూ" అన్నది అమ్మ.

రాజేశ్వరి ముందు. నాయన ఎడమ చెయ్యి ఆమె తల మీద, అమ్మ రెండు చేతులూ వీపు కింద. తర్వాత వరసగా పంతొమ్మిది మంది. ఎనభై కిలోల లారీ డ్రైవరును కూడా అమ్మ ఒక్కతే లేపింది. రాయి మోసిన చేతులు. కంజీరలు, డోలక్కు, చప్పట్లు, క్వారీ గోడలకు తగిలి రెండింతలయ్యాయి. పైన తమాషా చూడటానికి వచ్చినవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు.

అయ్యగారు భోజనానికి ఉన్నారు. రిజిస్టరు తెమ్మన్నారు. పంతొమ్మిది పేర్లూ తన చేత్తోనే రాశారు. "ఇచ్చినవారు" అన్న గడి దగ్గరికి వచ్చి కలం ఆగింది. అది ఖాళీగా వదిలి, కమిటీలో మాట్లాడాలని చెప్పి వెళ్లారు.

ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. అందులో ఏం రాస్తారో దాన్ని బట్టి మేం ఉంటామో పోతామో తేలుతుంది.

సువార్త

*

నరసరావుపేట,
20 నవంబరు 1984.

ప్రియమైన సువార్తకు,

దేశంలో గొడవల వల్ల కమిటీ వెనకబడి మొన్న పదహారున జరిగింది. మినిట్స్ రాసింది నేనే కాబట్టి అన్నీ తెలుసు.

మూడున్నర గంటలు వాదించుకున్నారు. ఇద్దరు పెద్దలు ఒప్పుకోలేదు. దైవాశీర్వాదం అయ్యగారు చివరికి లేచి, "నన్ను నీళ్లలోంచి లాగిన చేతిని కాదంటే నేను ఈ కుర్చీలో కూర్చోవటానికి లేదు. మీ ఇష్టం" అన్నారు. అంతే.

తీర్మానం ఇది. పిడుగురాళ్ల సంఘానికి హన్నమ్మగారు కాపరి. బల్ల, బాప్తిస్మం రెండూ ఇవ్వవచ్చు. రిజిస్టరులో "ఇచ్చినవారు" గడిలో జ్ఞానయ్య, హన్నమ్మ అని ఇద్దరి పేర్లూ రాయాలి. ఈ పంతొమ్మిదికే కాదు, 1952 నుంచి ఉన్న ప్రతి పేరుకూ అలాగే దిద్దాలి. కింద నేను మామూలు అలవాటు కొద్దీ "ఇది ఇతర సంఘాలకు ఆనవాయితీ కాదు" అని ఒక వాక్యం చేర్చాను. సంతకం పెట్టేటప్పుడు అయ్యగారు చదివి, నా కలమే తీసుకుని ఆ వాక్యం కొట్టేశారు. నిన్న గురజాల వైపు నుంచి ఒక కాపరి భార్య ఆఫీసుకు వచ్చింది. భర్త పోయి రెండేళ్లయింది. హన్నమ్మగారికి ఇచ్చారట గదా, మాకు కూడా ఇస్తారా అని అడిగింది. ఆమెను కూర్చోబెట్టి దరఖాస్తు నేనే రాసిచ్చాను.

ఇక నా సంగతి. ఆ రోజు నాకు జ్వరం లేదు. కారు ఎక్కనని చెప్పటానికి ధైర్యం లేక జ్వరమన్నాను. వాళ్లు వెళ్లిన తర్వాత ఉండబట్టలేక బస్సెక్కి వచ్చాను. క్వారీ పైగట్టున, కంకర గుట్ట పక్కన జనంలో నిలబడ్డాను. మొత్తం చూశాను. కింద ఉన్న నీకు కనపడనివి రెండు చెబుతాను. ప్రతి మనిషినీ పట్టుకునే ముందు అమ్మ కాలితో అడుగు చూసి, వాళ్ల పాదాన్ని తన పాదంతో సరైన చోటికి జరిపేది. ఆ పని మన చిన్నప్పటి నుంచి చేస్తూ ఉండాలి, నేను ఎన్నడూ చూడలేదు. రెండోది, ఏడో మనిషి అయ్యాక కాసేపు ఆగి పైకి చూస్తూ నిలబడింది. అలిసిపోయిందనుకున్నాను. చివర్న ఒడ్డుకు వచ్చేటప్పుడు చెయ్యి అందించింది దైవాశీర్వాదం అయ్యగారు. నేను పైన ఉన్నాను. బస్సెక్కి వచ్చేశాను.

మే రెండో తారీకు దరఖాస్తు వెనక్కి తీసుకున్నాను. ఇంకొకటి రాశాను. ఇది సహవాసానికి కాదు, పిడుగురాళ్ల సంఘ కాపరికి. సహాయకుడిగా చేర్చుకోమని. దీంతో పెట్టాను. అమ్మకు చదివి వినిపించు. కాదంటే నొచ్చుకోను.

నీ అన్న,
ఏసోబు

*

పిడుగురాళ్ల,
4 డిసెంబరు 1984.

ప్రియమైన అన్నయ్యకు వందనాలు.

తీర్మానం ఆదివారం చదివాను. అందరికంటే ముందు శాంతమ్మ పెద్దమ్మ ఏడ్చింది, ఆ తర్వాత, "ఇది నేను క్వారీలోనే చెప్పాగా, నెలకు పైగా ఎందుకయ్యింది?" అని పోట్లాడింది. మధ్యాహ్నం దాకా పాటలు ఆగలేదు. ఇమాం సాహెబ్ బాబాయి షెడ్డులోంచి లారీ హారను అదేపనిగా మోగించాడు.

రిజిస్టరు దిద్దుతున్నాను. రోజుకు యాభై చొప్పున నిన్నటికి పూర్తయింది. నాలుగు వందల ముప్పై ఒక్క చోట్ల నాయన పేరు పక్కన అమ్మ పేరు రాశాను. తెచ్చి చూపించాను. పేజీలు తిప్పింది. చదవటం రాకపోయినా తన పేరు గుర్తుపడుతుంది. "ఒక్కచోట రాసి, అన్నిటికీ ఇదేనంటే పోయేదిగా. సిరా దండగ" అన్నది. తర్వాత గంటకు పైగా ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకునే కూర్చుంది.

నీ దరఖాస్తు బట్టీ దగ్గరే చదివి వినిపించాను. గంప నెత్తి మీదే ఉంచుకుని మొత్తం విన్నది.

"పైన నిలబడ్డ సంగతి గూడా రాశాడా?"

రాశాడన్నాను.

"చూశాలే. వాడు నిలబడే తీరు నాకు తెలియదా. ఏడుగురైనాక కాసేపు ఆగా గూడా, దిగి వస్తాడేమోనని."

అమ్మ గంప దించి చేతులు దులుపుకుంది.

"ఇరవైమూడో తారీకు పదకొండు మంది ఉన్నారు. చలికాలం, మీ నాయనను నీళ్లలో కూర్చోబెట్టలేం, గట్టునే కూర్చుంటాడు. ఆయన నిలబడే పక్క మనిషి కావాలి. శనివారం బస్సుకు రమ్మను. మణిని, పిల్లను గూడా తీసుకురమ్మను, గదిలో అందరికీ సరిపోద్ది. తెల్ల పంచె తెచ్చుకోమను, మీ నాయనవి వాడికి పొట్టి."

శనివారం బస్టాండుకు నేను వస్తాను.

నీ చెల్లెలు,
సువార్త